రెడ్ వైన్ ఏ అర్థంలో మందు?

తెలుగులో 'మందు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఔషధం ఒకటి, మద్యం రెండవది. ఈ రెండూ కలగాపులగమై మనుషులను మోసగించడం నా వైద్యవృత్తిలో లెక్కలేనన్ని సార్లు చూశాను. జలుబుకు బ్రాందీ, ఒళ్లునొప్పులకు సారా, ఆకలి పుట్టడానికి బీరు అంటూ సమర్థించుకునేవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఈ వరుసలో చివరగా వచ్చి, అన్నిటికంటే గౌరవప్రదమైన పీట మీద కూర్చున్నది 'గుండెకు రెడ్ వైన్'. చదువుకున్నవారు కూడా దీనిని నమ్ముతున్నారు. నిజానికి చదువుకున్నవారే ఎక్కువగా నమ్ముతున్నారు. అందుకే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మా కల్లూరులో నాకు పాతికేళ్లుగా తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. మాస్టారు అని పిలుచుకుందాం. అరవై నాలుగేళ్లు వచ్చేవరకు ఆయన మద్యం ముట్టలేదు. గుండెకు స్టెంటు వేయించుకుని ఇంటికి వచ్చాక, ఎవరో ఫోనుకు పంపిన వీడియో ఒకటి చూసి, ప్రతిరాత్రీ భోజనానికి ముందు స్టీలు గ్లాసు నిండా రెడ్ వైన్ పుచ్చుకోవడం ఆరంభించారు. నేను అడిగితే, "ఇది తాగుడు కాదండీ డాక్టరు గారూ. ఫ్రెంచివాళ్లు అంత వెన్న, అంత మాంసం తిని కూడా గుండె జబ్బుల పాలు కాకుండా ఉంటున్నది దీనివల్లనేనట. మీరిచ్చిన బిళ్లల పక్కన ఇదొక మందు, అంతే" అన్నారు. నేనానాడు గట్టిగా వారించవలసింది. "కాస్త తగ్గించుకోండి మాస్టారూ" అని ఊరుకున్నాను. పెద్దమనిషి, పాఠాలు చెప్పినవాడు, ఆయనకు నేనేమి చెప్పగలనన్న మొహమాటం. వైద్యుడికి మొహమాటం పనికిరాదని చెప్పే నేనే ఆ పని చేశాను.

రెండు నెలల తరువాత ఒకనాడు తెల్లవారుజామున మూడు గంటలకు ఆయన భార్య ఫోను చేశారు. "ఈయన ఇవాళ మోతాదు మించి తాగినట్టున్నారండీ. మాట తడబడుతోంది. ఒళ్లంతా చెమటలు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఎవరినీ లేపలేదు" అన్నారు. నాలుగు వీధుల దూరం కనుక వెంటనే వెళ్లాను. గ్లూకోమీటరులో చక్కెర 46. ఆయన ఇంకా మింగగలిగే స్థితిలో ఉండడం వల్ల పంచదార నీళ్లు పట్టించాము. పావుగంటలో తేరుకుని, "ఏమైంది?" అని అడిగారు.

ఏమైందో మీరు కూడా తెలుసుకోవాలి. మాస్టారు మధుమేహానికి గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. ఆ రాత్రి వైన్ తాగి, ఆకలి లేదని ఒక పుల్కా మాత్రమే తిని పడుకున్నారు. మనం నిద్రపోతున్నపుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాలేయం కొత్త గ్లూకోజును తయారుచేస్తూ ఉంటుంది. ఒంట్లో ఆల్కహాలు ఉన్నంతసేపు కాలేయం దానిని వదిలించుకునే పనిలో పడి, ఈ పనిని కుంటుపరుస్తుంది. పైనుంచి బిళ్ల చక్కెరను దించుతూనే ఉంటుంది. తడబడే మాట, చెమట, తికమక అనే లక్షణాలు చూసేవారికి అచ్చం తాగిన మత్తులాగే కనిపిస్తాయి. మత్తే కదా, పొద్దుటికి దిగుతుందిలే అని ఆ ఇల్లాలు దీపం ఆర్పి పడుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఇన్సులిన్ గాని, ఈ తరహా బిళ్లలు గాని వాడేవారు ఇంట్లో ఉంటే ఈ ఒక్క సంగతి మాత్రం మరచిపోకండి.

ఇక ఆ ఫ్రెంచివారి కథ. 1991 నవంబరులో అమెరికాలో '60 మినిట్స్' అనే టీవీ కార్యక్రమం 'ఫ్రెంచి వైచిత్రి'ని ప్రసారం చేసింది. ఆ దేశంలో రెడ్ వైన్ అమ్మకాలు అమాంతం పెరిగాయి. మరుసటి ఏడాది సెర్జ్ రెనో, మిషెల్ ద లోర్జెరిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 'లాన్సెట్' పత్రికలో ఆ వాదాన్ని ప్రకటించారు. అప్పటినుంచి అది ప్రపంచమంతా తిరిగి, ముప్పై ఏళ్ల తరువాత మా మాస్టారి ఫోనులోకి వచ్చింది. కాని అదే 1991 జనవరిలో ఫ్రెంచి ప్రభుత్వం ఏమి చేసిందో ఆ వీడియోలో ఉండదు. ఎవిన్ చట్టం పేరిట టెలివిజన్‌లో మద్యం ప్రకటనలను నిషేధించింది. అంతకుముందే, 1956లో, బడి భోజనశాలల్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు మద్యం పోయరాదని ఉత్తర్వు వేయవలసి వచ్చింది. అంటే అప్పటివరకు పోసేవారన్నమాట! 1960 ప్రాంతంలో సగటు ఫ్రెంచి పౌరుడు ఏడాదికి నూరు లీటర్లకు పైగా వైన్ తాగేవాడు. నేడది సుమారు నలభై లీటర్లకు దిగింది. తమ ఔషధాన్ని ఆ దేశస్థులే సగానికి పైగా మానేశారు.

పరిశోధనలో లోపం ఎక్కడ ఉన్నదంటారా? కొద్దిగా తాగేవారికంటే అసలు తాగనివారికి జబ్బులు ఎక్కువగా ఉన్నట్లు లెక్కలలో కనిపించేది. కాని ఆ 'తాగనివారి' వరుసలో జబ్బుపడి మానేసినవారు కూడా ఉన్నారని 1988లోనే బ్రిటన్‌లో షేపర్ బృందం ఎత్తిచూపింది. ఆసుపత్రి పాలై మానేసినవాడిని ఆ వరుసలో కూర్చోబెట్టి, తాగేవాడు వాడికంటే ఆరోగ్యంగా ఉన్నాడని మురిసిపోవడం ఏమి న్యాయం? ఇక ద్రాక్ష తొక్కలో ఉండే రెస్‌వెరట్రాల్ మాట. లీటరు వైన్‌లో అది ఐదు మిల్లీగ్రాములు ఉన్నదనుకున్నా, ప్రయోగాలలో ఇచ్చే 500 మిల్లీగ్రాముల మోతాదుకు నూరు లీటర్లు తాగాలి. మరోవైపు ఆల్కహాలు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యరీత్యా సురక్షితమనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలి. మా ఊరి పేరు విని 'కల్లు ఊరా?' అని చమత్కరించే బంధువులు నాకున్నారు. (కల్లు అంటే రాయి అని కూడా అర్థముంది. కల్లుప్పును తలచుకోండి.) మాస్టారు తన వైన్ గ్లాసును, సాయంత్రం తాటితోపులో కూర్చున్న కూలివాని ముంతను ఒకే గాటన కట్టడానికి ఎంతమాత్రం ఒప్పుకునేవారు కాదు. ఒక లీటరు తాటికల్లులో నాలుగు శాతం ఆల్కహాలు ఉన్నదనుకుంటే దాని బరువు 32 గ్రాములు. పదమూడు శాతం వైన్ అర సీసాలో 38 గ్రాములు. మాస్టారి స్టీలు గ్లాసు 200 మిల్లీలీటర్లు పడుతుంది, అందులో 20 గ్రాములు. భద్రాచలం అడవుల వైపు కాచే ఇప్పసారాలో ఉన్నదీ, జీలుగు కల్లులో ఉన్నదీ, బోర్దో సీసాలో ఉన్నదీ ఒకే ఇథనాల్. సీసా మీది కోట బొమ్మను కాలేయం చూడదు. కల్లుకు నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. అల్ప్రాజోలం వంటి మత్తుబిళ్లల పొడి కలిపిన కల్లు తెలంగాణలో ఎందరిని పాడుచేసిందో, అది అందని రోజున మూర్ఛలు వచ్చి, పిచ్చిచూపులతో ఆసుపత్రికి వచ్చేవారు ఎలా ఉంటారో కళ్లారా చూసినవాడిని. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు ప్రాణాలు తీసిన సంగతి మీరూ చదివే ఉంటారు. నేను చెప్పేదల్లా, పేదవాడిది తాగుడు, మనది వైద్యం అనే భ్రమ వద్దని.

"అయితే డాక్టరు గారూ, మంచి వైన్‌ను రుచే చూడకూడదా?" అని మీరడగవచ్చు. మాస్టారి అబ్బాయి నన్ను అదే అడిగాడు. నా జవాబు మీకు వింతగా తోచవచ్చు. అలవాటు లేనివారు ఆరంభించడానికి ఏ కారణమూ లేదు. మధుమేహం, కాలేయ వ్యాధి, గుండె దడ ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు, గర్భిణులు దాని జోలికే పోకూడదు. కాని ఆరోగ్యవంతుడైన పెద్దవాడు, ఎప్పుడో ఒక పండుగనాడు, ఏళ్ల తరబడి మాగిన ఒక గొప్ప వైన్‌ను రుచి కోసం, కేవలం రుచి కోసం, నాలుగు గుక్కలు చవిచూస్తే నేను అడ్డుపడను. అందులో ముప్పు బొత్తిగా లేదని కాదు, అది కొద్దిది, తెలిసి తీసుకునేది. మందు అని పేరుపెట్టినపుడే మోతాదూ, క్రమమూ, 'రోజూ' అనే మాటా వచ్చి చేరుతాయి. రుచికి 'రోజూ' అక్కరలేదు. ఇది నేను లియోన్ నగరంలో ఉన్న మా అమ్మాయి ఇంట నేర్చుకున్నాను. పొరుగున ఉండే విశ్రాంత రైల్వే ఉద్యోగి ఒకాయన నెలకొక ఆదివారం ఒక పాత సీసా తెరిచి, ఆరుగురికి పంచి, దాని గురించి గంటసేపు మాట్లాడేవాడు. మిగిలిన రోజులలో ఆయన బల్ల మీద మంచినీళ్లే.

వైన్‌ను రుచి చూడడానికి మన భాషలోనే సరిపడినన్ని మాటలున్నాయి. షడ్రుచులలో కషాయాన్ని, అంటే వగరును, ఒక రుచిగా లెక్కపెట్టుకున్న జాతి మనది. ఉగాది పచ్చడి తిన్న నాలుకకు ఎరుపు వైన్ పరాయిది కాదు. దానిలోని టానిన్ అనే పదార్థం మన లాలాజలంలోని ప్రోటీన్లకు అంటుకుని, నోటి జిగురుదనాన్ని లాగివేస్తుంది. నేరేడు పండు తిన్నాక, వక్క నమిలాక, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాక నాలుక గరుకెక్కడం ఇదే. కొత్త బోర్దో వైన్, ముఖ్యంగా కాబెర్నే సోవిన్యోఁ ద్రాక్ష ఎక్కువగా ఉండే మెడోక్ ప్రాంతపు వైన్, పచ్చి వక్కలా వగరుగా, పుల్లగా ఉంటుంది. పది పదిహేనేళ్లు చల్లని చీకటిలో ఉంటే ఆ టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ ముడిపడి, పెద్దవై, మడ్డిగా అడుగుకు దిగుతాయి. వగరు మెత్తబడుతుంది. పండు వాసన వెనక్కు తగ్గి, ఎండిన ఆకు, తోలు, పొగాకు, వానకు తడిసిన అడవి నేల వంటి వాసనలు ముందుకు వస్తాయి. కొత్త ఆవకాయలో కారం, ఉప్పు, ఆవఘాటు వేటికవే అరుస్తాయి. జాడీలో ఆరు నెలలు ఊరిన తరువాత అన్నీ కలిసి ఒక్క గొంతుతో మాట్లాడతాయి. అటువంటిదే ఇదీ. అన్ని వైన్లూ ఇలా మాగవు. అధికభాగం ఒకటి రెండేళ్లలో తాగవలసినవే. మన కల్లు అయితే మరీ చంచలం. పొద్దున తీపి, మధ్యాహ్నం పులుపు, మర్నాటికి వెనిగరు. దానిలో టానిన్ లేదు, ఆల్కహాలు తక్కువ, లొట్టికి మూత లేదు. గాలి తగిలిన చోట సూక్ష్మజీవులు తమ పని మానవు.

మూడేళ్ల క్రితం మాస్టారి అబ్బాయి విమానాశ్రయంలో ఒకే రకం సీసాలు రెండు కొని తెచ్చాడు. మెడోక్‌లోని సేంట్ జూలియెన్ గ్రామానివి, 2010 సంవత్సరపు పంట. బోర్దోలో దీర్ఘకాలం నిలిచే వైన్లు తయారైన గొప్ప సంవత్సరాలలో అదొకటి. ఒకదానిని మాస్టారు ముందుగదిలో టీవీ పైనున్న షోకేసులో కొండపల్లి బొమ్మల మధ్య నిలబెట్టారు, వచ్చినవారికి కనపడాలని. రెండవది చోటు చాలక ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలోకి పోయింది. పైఅరలో అమ్మగారి ఇన్సులిన్ పెన్నులు ఉంటాయి. ఆ రాత్రి సంఘటన తరువాత మాస్టారు రోజువారీ గ్లాసు మానేశారు. ఈ సీసాలు మాత్రం అలాగే ఉన్నాయి. గత సంక్రాంతికి అబ్బాయి వచ్చి, కనుమనాడు తెరుద్దామని, ఆ పని మీరే చేయాలని నన్ను పిలిచాడు. ఎనిమిది మందిమి ఉంటామని, తలకు 60 మిల్లీలీటర్లకు మించి పోయనని, మాస్టారికి వాసన, ఒకే ఒక్క గుక్క, అదీ అన్నం సగం తిన్నాకనని ముందే షరతు పెట్టాను. పిల్లలు వేరే గదిలో.

వడ్డించే విధానం పెద్ద బ్రహ్మవిద్య కాదు. పాత సీసాను ముందురోజే నిటారుగా నిలబెడితే మడ్డి అడుగుకు చేరుతుంది. రెడ్ వైన్‌ను 'గది ఉష్ణోగ్రత'లో ఇవ్వాలని అంటారు గాని, ఆ గది వెచ్చదనం ఎరుగని పాతకాలపు ఫ్రెంచి ఇంటి గది. 16 నుంచి 18 డిగ్రీలు. మన వేసవి గదిలో పోస్తే సారాయి ఘాటు తప్ప ఏమీ తెలియదు. ఫ్రిజ్‌లోనిదాన్ని జనవరి సాయంత్రం గంట ముందు బయట పెట్టాము. సరిపోయింది. పాత బిరడా పెళుసుగా ఉంటుంది కనుక మెలిక మెల్లగా దించాలి. మెడ కింద ఫోను దీపం పెట్టి, గాజు జగ్గులోకి ఆగకుండా సన్నని ధారగా వంచి, నల్లని మడ్డి మెడదాకా రాగానే ఆపివేయాలి. గ్లాసు మూడవ వంతుకు మించి నింపకూడదు. మిగిలిన చోటు వాసనకు. గ్లాసు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, తరువాత చిన్న గుక్కను నోటిలో అన్నివైపులా తిప్పాలి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం, సీసాను పక్కన పెట్టేయండి. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. మన ఖమ్మం మిరపకాయకు ఈ వైన్ పడదు. కారం మీద ఆల్కహాలు మంట, టానిన్ గరుకు రెండూ రెట్టింపుగా తోస్తాయి. అమ్మగారు వేటమాంసాన్ని మిరియాలు, ధనియాలతో, కారం దాదాపు లేకుండా వండి పెట్టారు. మాంసంలోని ప్రోటీనూ కొవ్వూ వగరును నెమ్మదింపజేస్తాయి.

మొదట షోకేసు సీసా తెరిచాను. పైతొడుగు తీయగానే బిరడా అంచున జిగురు కట్టి ఉంది. బిరడా కొద్దిగా పైకి పొడుచుకుని వచ్చింది. మూడు వేసవులు. బయట 45 డిగ్రీలు కాసిన రోజుల్లో ఆ ముందుగది ఎంత కాగి ఉంటుందో మీకు తెలుసు. రంగు గోధుమవన్నెకు తిరిగింది. వాసన ఉడికి చల్లారిన కిస్‌మిస్‌లది. నోటిలో పులుపు మిగిలింది, మరేమీ లేదు. మందుల అట్టపెట్టెల మీద '25 డిగ్రీల లోపు ఉంచవలెను' అని అచ్చువేసేది ఇందుకేనని చెప్పాను. అదే షోకేసు కింద సొరుగులో మాస్టారి గుండె బిళ్లలు ఉన్నాయని అప్పుడు బయటపడింది! మర్నాడే అవి లోపలి చల్లని గదికి మారాయి.

తరువాత ఫ్రిజ్ సీసా. జగ్గులో అరగంట ఉంచి పోశాను. దానిమ్మ రంగు, అంచున ఇటుక ఛాయ. అబ్బాయి ఇంగ్లీషులో ఏవో పండ్ల పేర్లు చెప్పబోయి తడుముకున్నాడు. మాస్టారు తన గుక్కను చాలాసేపు నోటిలోనే ఉంచుకుని, మింగి, "స్టీలు గ్లాసుతో రెండు నెలలు తాగాను గాని, ఒక్కనాడు కూడా రుచి చూడలేదండీ" అన్నారు. రెండవ గుక్క అడగలేదు.

అమ్మగారు తాగనన్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆమె పుట్టిల్లు జంగారెడ్డిగూడెం వైపు, పొగాకు రైతుల కుటుంబం. వట్టి వాసన చూస్తానని గ్లాసు అందుకుని, కళ్లు మూసుకుని, కాసేపు మాట్లాడలేదు. "మా నాన్న బ్యారన్ తలుపు తీసినపుడు ఇలాగే ఉండేది" అన్నారు. "ఆకు ఎండి పదునుకు వచ్చిన రోజున. మేము గుమ్మంలో నిలబడి పీల్చేవాళ్లం." గ్లాసును తిరిగి ఇవ్వకుండా, అన్నాలు అయ్యేవరకు తన పక్కనే ఉంచుకున్నారు.